యాప్రాల్ పరిసరముల శిలలు, నేలలు, నీరు: తెలుగు పలుకుబడి సాక్ష్యము

1

సికింద్రాబాదునకు ఈశాన్యమున, తిరుమలగిరి, నేరేడుమెట్టు, కాప్రా, బొల్లారముల నడుమ యాప్రాల్ అను ఊరు కలదు. ఇది నేడు మేడ్చల్-మల్కాజిగిరి జిల్లాలోనిది. దీనిని గ్రామమనుట పూర్వపు అలవాటు చేతనే గాని, నేడిది ఇండ్లతోను బహుళ అంతస్తుల భవనములతోను నిండిన నగరభాగము. ఐనను సైనికుల అధీనమునందున్న భూములు చుట్టును కొంత మేర ఖాళీగా మిగిలియుండుటచే, ఇచట నిలిచి చూచువారికి ఈ ప్రాంతపు పూర్వరూపము ఇంకను కొంత కనబడును. ఎఱ్ఱని పలుచని నేల, అందుండి పొడుచుకొని వచ్చిన బండలు, బండల సందున సీతాఫలపు పొదలు, తంగేడు, వేప, పల్లమున ఒక కుంట: ఇదియే ఆ రూపము.

తెలుగు శాఖ వారి పరిశోధన సంచికయందు రాళ్ళను గూర్చిన వ్యాసమేల యని పాఠకులు శంకింపవచ్చును. శంక సహజమైనదే. మా సమాధానమిది. ఈ ప్రాంతపు శిలలను, నేలలను, భూగర్భ జలమును గూర్చి శాస్త్రజ్ఞులు రెండు వందల సంవత్సరములుగా చేసిన పరిశోధనయందు తేలిన విషయములలో పెక్కింటికి ఈ నేలపై పనిచేయు రైతులు, బావులు త్రవ్వువారు, రాతిపనివారు ముందే పేర్లు పెట్టియున్నారు. శాస్త్రజ్ఞుడు పొరలుగా విడదీసిన దానిని వారు మాటలుగా విడదీసిరి. ఆ మాటలకు సరియైన అర్థము తెలియవలెనన్నచో శాస్త్రము కావలెను. శాస్త్రమునకు తెలుగున చక్కని పరిభాష కావలెనన్నచో ఆ మాటలు కావలెను. ఇప్పుడు ఆ రాళ్ళును ఆ మాటలును ఒక్క తరముననే కనుమరుగగుచున్నవి. కావున ఈ విషయము మన శాఖకు వెలుపలిది కాదని మా తలంపు.

2

మొదట శిలల సంగతి చూతము. హైదరాబాదు, సికింద్రాబాదుల క్రిందనున్నది ప్రధానముగ గ్రానైటు జాతి శిల. ఇందు గులాబి వన్నె గలది, బూడిద వన్నె గలది అని రెండు రకములు విరివిగా కానవచ్చును. దీని వయస్సు సుమారు 250 కోట్ల సంవత్సరములని శాస్త్రజ్ఞులు నిర్ణయించిరి. భూమి వయస్సు సుమారు 454 కోట్ల సంవత్సరములు. అనగా యాప్రాల్‌లో మనము కాలు మోపు బండ భూమి వయస్సులో సగమునకు మించిన కాలమును చూచినదన్నమాట. శాస్త్రజ్ఞులు తూర్పు ధార్వార ఖండమని పిలుచు అతిప్రాచీన భూభాగమునకు ఇది చెందినది. దక్కను పీఠభూమికి పశ్చిమమున విస్తరించియున్న నల్లని బసాల్టు శిలలతో పోల్చినచో దీని ప్రాచీనత మరింత స్పష్టమగును. నగరమునకు పడమట వికారాబాదు ప్రాంతమున ఆ బసాల్టు అంచు కానవచ్చును. అది సుమారు 6.6 కోట్ల సంవత్సరముల నాటి లావా ప్రవాహములచే ఏర్పడినది. ఆ ప్రవాహముల నడుమ చిక్కుకొన్న మట్టిపొరలనుండి, వికారాబాదు సమీపమునందలి నస్కల్ గ్రామమువద్ద లభించిన క్రిటేషియస్ యుగపు స్తన్యజంతువు అవశేషములను గూర్చి 1988లో శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. భారతదేశమున ఆ యుగమునకు చెందిన స్తన్యజంతువు దొరకుట అదియే ప్రథమము. ఒక్క దినపు ప్రయాణముననే 250 కోట్ల సంవత్సరముల శిలనుండి 6.6 కోట్ల సంవత్సరముల శిలకు పోగల సౌకర్యము ఈ ప్రాంత విద్యార్థులకు కలదు.

ఈ ప్రాంతపు శిలలను శాస్త్రదృష్టితో పరిశీలించిన తొలివారిలో హెన్రీ వోయ్సీ ముఖ్యుడు. ఆయన వృత్తిచే వైద్యుడు. లాంబ్టన్ నడిపిన త్రికోణమితి సర్వేలో వైద్యుడుగను భూగర్భశాస్త్రజ్ఞుడుగను చేరి, 1824లో మరణించువరకు నైజాము రాజ్యమునందలి శిలలను గూర్చి వ్రాసెను. 1851లో భారత భూగర్భ సర్వే సంస్థ ఏర్పడినది. ఆ సంస్థకు చెందిన విలియం కింగు 1872లో కడప, కర్నూలు శిలాసముదాయములపై గొప్ప గ్రంథమును వెలువరించెను. మన ఊళ్ళ పేర్లు అట్లు శాస్త్రమున స్థిరపడినవి. నైజాము ప్రభుత్వమునకు ప్రత్యేకముగ ఒక భూగర్భ సర్వే శాఖ యుండెడిది. సి. వి. రామన్ వద్ద పరిశోధన చేసిన సి. మహదేవన్ అందు పనిచేసి, తరువాత ఆంధ్ర విశ్వకళా పరిషత్తున భూగర్భశాస్త్ర శాఖకు అధ్యక్షులైరి. ఉస్మానియా విశ్వవిద్యాలయపు భూగర్భశాస్త్ర శాఖయు, 1961లో హైదరాబాదున స్థాపింపబడిన జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థయు ఈ పరిశోధనను ముందుకు గొనిపోయినవి.

3

ఇక బండలు ఈ ఆకారమును పొందిన విధము. ఒకదానిపై నొకటి పేర్చినట్లున్న గుండ్లను చూచి, ఇవి ఎవరో ఎత్తి పెట్టినవని తోచుట సహజము. తెలుగునాట ఇట్టి బండలను భీమునికో పాండవులకో ముడిపెట్టి చెప్పు కథలు పెక్కు కలవు. ప్రళయకాలపు వరదలు వీనిని దొర్లించుకొని వచ్చినవని తలచువారును కలరు. శాస్త్రజ్ఞులు తేల్చినది వేరు. ఈ గుండ్లు ఎచటినుండియు రాలేదు. ఎచటనున్నవో అచటనే యున్నవి. చుట్టునున్న మెత్తని భాగము పోయినది. గట్టి భాగము మిగిలినది.

ఇది జరిగిన క్రమమును వివరింతము. గ్రానైటు భూమి లోపల మిక్కిలి లోతున కరగిన ద్రవము మెల్లగా చల్లారుటచే ఏర్పడును. పైనున్న శిలాభారము కోట్ల సంవత్సరములలో కోసుకొనిపోగా, అణగియున్న శిల కొంత వ్యాకోచించి పగులును. ఈ పగుళ్ళు కొన్ని నేలకు సమాంతరముగను, కొన్ని నిలువుగను, ఒండొంటికి అడ్డముగను ఏర్పడును. వీనిచే శిల పెద్ద పెద్ద దిమ్మెలుగా విభక్తమగును. వర్షపు నీరు ఈ పగుళ్ళలో దిగును. గ్రానైటునందు ముఖ్యముగ స్ఫటికము, ఫెల్స్‌పారు, అభ్రకము ఉండును. వీనిలో ఫెల్స్‌పారు నీటి సంపర్కముచే క్రమముగ బంకమన్నుగా మారును. స్ఫటికము మారదు. అది ఇసుకగా రాలును. దిమ్మె ముఖమునకు నీరు ఒక్క వైపునుండియే తగులును. అంచునకు రెండు వైపులనుండి, మూలకు మూడు వైపులనుండి తగులును. కావున మూలలు ముందు కరగి, దిమ్మె క్రమముగ గుండ్రనగును. బెల్లపు అచ్చును నీటిలో వేసినపుడు మూలలు ముందు కరగుటను మనము ఇంట చూచుచునే యుందుము. ఈ పని అంతయు మన్ను క్రిందనే జరుగును. పిదప వానలకు ఆ మన్ను కొట్టుకొనిపోగా, లోపల తయారైయున్న గుండ్లు ఒకదానిపై నొకటి వాలి బయటపడును.

ఇప్పుడు పలుకుబడిని చూడుడు. విస్తారముగ పరచుకొన్న శిలను బండ యందురు. విడిగా గుండ్రముగ నున్న దానిని గుండు అందురు. నేలతో సమముగ పరుపువలె నున్నదానిని పరుపుబండ యందురు. గుండ్లును బండలును కలిసి ఎత్తుగ నిలిచిన దానిని గుట్ట యందురు. రాతి ప్రమేయము లేక నేలయే కొంత ఎత్తైన చోటును మెట్ట యందురు. నిఘంటువులలో బండకును గుండునకును ‘పెద్దరాయి’ యని ఒకే అర్థమును వ్రాసి ఊరకుందుము. కాని బండ నేలలోని మూలశిలనుండి విడిపోనిది, గుండు విడిపోయి గుండ్రనైనది. శాస్త్రజ్ఞుడు రెండు వేరు దశలుగా చెప్పునది ఇదియే. ఖనిజముల విషయమును అట్టిదే. తెల్లని స్ఫటికపు రాయికి పలుగురాయి యని, అభ్రకమునకు కాకిబంగారమని ప్రజలు పేర్లిడిరి. గ్రానైటును చీల్చుకొని పొడవుగా సాగు డోలరైటు గోడలను నల్లరాయి యందురు. మన పాఠ్యగ్రంథములలో ఈ పేర్లు కానరావు. సంస్కృత సమాసములో ఆంగ్ల పదములో మాత్రమే కానవచ్చును.

4

నీటి విషయమున పలుకుబడికిని శాస్త్రమునకును గల సామ్యము మరింత ఆశ్చర్యకరము. గ్రానైటునందు స్వతహాగ నీటికి చోటు లేదు. ఇసుకనేలలందు కణముల నడుమ నీరు నిలుచునట్లు ఇందు నిలువదు. మరి ఈ ప్రాంతపు బావులలో శతాబ్దముల తరబడి నీరెట్లు లభించినది?

ఈ ప్రశ్నకు సమగ్రమైన సమాధానము నగరమునకు దక్షిణముననున్న మహేశ్వరము వద్ద లభించినది. అచట సుమారు 53 చదరపు కిలోమీటర్ల పరీవాహ ప్రదేశమున జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ వారును ఫ్రాన్సు దేశపు శాస్త్రజ్ఞులును కలిసి 1999 నుండి పెక్కేండ్లు పరిశోధన చేసిరి. బావుల గోడలను పరిశీలించియు, బోర్లలో పరికరములను దింపియు వారు తేల్చిన పొరల వరుస ఇట్లున్నది. పైన పలుచని ఎఱ్ఱనేల. దాని క్రింద 10 మొదలు 15 మీటర్ల మందమున మెత్తబడిన శిల. ఇది రాతి పోలిక పోక, చేతితో నలిపిన రాలునట్టిది. దాని క్రింద 15 మొదలు 20 మీటర్ల మందమున పగుళ్ళతో నిండిన శిల. అటుపిమ్మట పగుళ్ళు అరుదైన గట్టిశిల. నీటిని నిలువ చేయు శక్తి మెత్తబడిన పొరకు ఎక్కువ. నీటిని పారించు శక్తి పగుళ్ళ పొరకు ఎక్కువ. గట్టిశిలలో, అరుదుగ లోతైన పగులు తగిలిననే తప్ప, నీటి యాశ లేదు.

యాప్రాల్ వద్ద ఒక ఇంటి పునాదికై త్రవ్విన గోతి అంచున ఇట్టి వరుసనే మేము చూచితిమి. పూర్వము చేతితో బావులు త్రవ్వుటయందు జీవితమును గడిపిన ఒక వృద్ధుని అచటికి తోడ్కొనిపోయి, ఒక్కొక్క పొరను చూపి పేరడిగితిమి. ఆయన చెప్పిన దాని సారమిది. పైది చెలక మన్ను. దాని క్రిందిది మొరము. మొరము విడిచిన చోట నెఱ్ఱెలుగల బండ వచ్చును. నెఱ్ఱెలలోనే ఊట పుట్టును. నెఱ్ఱె కానరాని బండ తగిలినచో పని ఆపి వేఱొక చోటు చూచుకొనవలెను. మహేశ్వరపు నివేదికలను ఆయన చూడలేదు. ఆ నివేదికలు వ్రాసినవారు ఆయనను ఎఱుగరు. ఇరువురును ఒకే నేలను నమ్మకముగ చదివిరి. కావుననే ఇరువురి మాట ఒకటియైనది.

ఐనచో శాస్త్రమున క్రొత్తగ తెలిసినదేమి? కొలత తెలిసినది, హద్దు తెలిసినది. బావి త్రవ్వువాడు తన చేతి క్రింది చోటును ఎఱుగును. మొత్తము పరీవాహమున ఏటేట ఎంత నీరు దిగుచున్నది, ఎంత తోడబడుచున్నది యను లెక్క ఆయనకు అందదు. ఈ ప్రాంతమున వర్షపాతము సంవత్సరమునకు సుమారు 800 మిల్లీమీటర్లు. దానిలో అధికభాగము జూన్ మొదలు సెప్టెంబరు వరకు కురియును. అందు భూమిలో దిగునది కొద్దిపాటి భాగమే. విద్యుత్తు పంపులతో తోడుట హెచ్చినపుడు మొరపు పొర మొదట ఎండును, తరువాత నెఱ్ఱెల పొర ఎండును. అటుపిమ్మట ఎంత లోతునకు బోరు వేసినను గట్టిశిలయే. నూర్ల అడుగుల బోర్లు పొడి రాతిపొడిని మాత్రమే వెలికితెచ్చు దృశ్యము నగరపు అంచులయందు నేడు సామాన్యము. మొరము విడిచి నెఱ్ఱె కానరానిచో ఆపుమను పాతమాట వినబడియుండిన, కొందరి ధనమైనను మిగిలియుండెడిది.

నేలల పేర్లను గూర్చియు ఇచటనే చెప్పవలెను. గ్రానైటు రాలుటచే ఏర్పడిన తేలికపాటి ఎఱ్ఱ ఇసుకనేలను చెలక యనియు, మరింత ఇసుకగ నుండి పలుచనైన దానిని దుబ్బ యనియు, నీరు నిలిచి బిగిసి ఎండకు బీటలువారు నల్లనేలను రేగడి యనియు తెలంగాణమున వాడుదురు. చెలక, దుబ్బ యను పేర్లు నేలలను గూర్చిన శాస్త్రగ్రంథములలో ఉన్నవి ఉన్నట్లుగనే వాడబడుచున్నవి. నల్లనేలకు ఆంగ్ల గ్రంథములలో కానవచ్చు ‘రెగర్’ అను పేరు మన రేగడ శబ్దమునుండి వచ్చినదని పలువురి మతము. పటాన్‌చెరు వద్ద 1972లో స్థాపింపబడిన అంతర్జాతీయ మెట్టపంటల పరిశోధన సంస్థ క్షేత్రమున ఎఱ్ఱనేలయు నల్లనేలయు రెండును కలవు. ఈ రెండు నేలలపైనను మెట్ట సేద్యమును పోల్చి చూచుటకు అది అనుకూలమైనది. రైతు రెండు మాటలలో వేరు చేసిన దానిని లోకమంతటికిని పనికివచ్చు ప్రయోగములుగ మార్చుట ఇట్లు సాధ్యమైనది.

5

ఇట్టి నేలయందు నీటిని భూమి పైననే ఆపుట తప్పనిసరి. గట్టిశిల నీటిని లోనికి పోనీయదు. పల్లమునకు అడ్డముగ కట్ట వేసినచో నీరు నిలుచును. గుట్టల నడుమ కట్టకు అనువైన ఇరుకు చోట్లు సమృద్ధిగ గలవు. కావున ఒక చెరువు నిండి అలుగు పారగా ఆ నీరు క్రింది చెరువునకు చేరునట్లు గొలుసుకట్టు చెరువులు ఈ ప్రాంతమంతటను ఏర్పడినవి. చిన్నది కుంట, పెద్దది చెరువు. నీరు వెలికి పోవుటకు తూము. నిండిన నీరు పొర్లుటకు అలుగు. నీరు తగ్గినపుడు బయటపడు గర్భభూమి శిఖము. ఇబ్రహీం కుతుబ్‌షా కాలమున 1560 ప్రాంతమున నిర్మింపబడిన హుస్సేన్‌సాగరము ఈ సంప్రదాయముననే పుట్టినది. యాప్రాల్‌కు పొరుగున కాప్రా చెరువు నేటికిని కలదు.

ఈ గొలుసు ఎంత దట్టమైనదో 1908 సెప్టెంబరు 28న వచ్చిన మూసీ వరద తెలిపినది. వేలకొలది జనులు మరణించిన ఆ వరద పిమ్మట మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు పరీవాహమును పరిశీలించి, అందు 788 చెరువులు కలవనియు, వానలో 221 తెగినవనియు తెలిపిరి. ఇంచుమించు చదరపు మైలునకు ఒక చెరువు చొప్పున ఆ గొలుసు అల్లుకొనియున్నది. వారి సూచనల ఫలితముగ మూసీపై ఉస్మాన్‌సాగరము 1920లోను, దాని ఉపనదియగు ఈసీపై హిమాయత్‌సాగరము 1927లోను పూర్తియైనవి.

గొలుసులో ఒక కడియము పోయినను నీరు తన దారిని మరువదు. 2000 ఆగస్టులోను, 2020 అక్టోబరులోను కురిసిన పెనువానలకు నగరమున మునిగిన ప్రదేశములు పెక్కు పూర్వపు చెరువుల శిఖములును వాని నడిమి కాలువలును అగుట అందరికిని విదితమే. కుంట యని పేరుగల పేటలో నీరు నిలిచినదని వాపోవుట చూచినపుడు, మనము ఊళ్ళ పేర్లను చదువుట మరచితిమని తోచును. యాప్రాల్‌కు సమీపమున లోతుకుంట కలదు. నగరము నడుమ నల్లకుంట కలదు. ఈ పేర్లు పెట్టినవారు అలంకారమునకై పెట్టలేదు. చూచినది చెప్పిరి.

6

ఇట యాప్రాల్ అను పేరును గూర్చి మా యూహను మనవి చేయుదుము. తెలంగాణపు వాడుకలో పదాదియందలి ఏకారము, వేకారము తరచు ‘యా’ యగును. ఏడాది యాడాదియగును. వేట యను పశువాచకము యాటయగును. అట్లే వేప యాపయగును. కావున పూర్వభాగము యాప, అనగా వేపచెట్టు, కావచ్చును. ఉత్తరభాగము రాయి శబ్దపు బహువచనముపై ఏర్పడిన ‘రాల’ యని తీసికొన్నచో, యాపరాల యనగా వేపలుగల రాళ్ళచోటు. మహేశ్వరము వైపునగల రావిరాల, రావిర్యాల యను పేరు ఇట్లే చెట్టు పేరుతో మొదలగుట గమనింపదగినది. బండరావిరాల యను పేరుగల వేఱొక ఊరును కలదు. బండరావిరాల నేడు రాతి గనులకు పేరుపడినది.

ఐనను ప్రతిపక్షమును చెప్పకున్న పరిశోధన కాదు. తెలంగాణమున జగిత్యాల, మంచిర్యాల మొదలగు పేర్లలో ‘ఆల’ యను అంత్యభాగము వేరుగ కలదు. రావిర్యాల యందలి ఉత్తరభాగము అదియే కావచ్చును. అప్పుడు రాయి ప్రసక్తియే లేదు. ఈ రెండింటిలో ఏది నిలుచునో శాసనములలోను పాత భూమిశిస్తు పత్రములలోను గల ప్రాచీనరూపమే తేల్చవలెను. పేరు నుండి నేలను ఊహించుటలో ఎంత జాగరూకత కావలెనో చూపుటకు మరి రెండు ఉదాహరణములు చాలును. ఎఱ్ఱమంజిల్ అను పేరు విన్నంత మాత్రముననే అచట ఎఱ్ఱనేల యుండెనని నిశ్చయింపరాదు. నవాబు ఫక్రుల్ముల్కు నిర్మించిన ఇరం మంజిల్ అను పార్సీ పేరు జనుల నోట అట్లు మారినది. రాయదుర్గమున రాయి లేదు. అది రాయల దుర్గము, అచట ఎన్ని బండలున్నను సరియే. కావున మాట ఒక్కటియే సాక్ష్యము కాదు. నేల ఒక్కటియే సాక్ష్యము కాదు. రెండును కలిసినపుడే నిర్ణయము.

7

ఈ సాక్ష్యము రెండు వైపులనుండియు నశించుచున్నది. రాళ్ళ వైపున చూతము. 250 కోట్ల సంవత్సరములు నిలిచిన గుండు కంకర యంత్రమున కొద్ది క్షణములలో నలుగును. నగరాభివృద్ధి సంస్థ 1981 నాటి నిబంధనలలోని 13వ నిబంధన క్రింద కట్టడములతోపాటు కొన్ని శిలాసముదాయములును వారసత్వ స్థలములుగ రక్షణ పొందినవి. శిలలను కాపాడుటకై 1996లో ఒక సంఘమును ఏర్పడినది. ఆ 13వ నిబంధన 2015లో తొలగింపబడినది. 2017లో తెలంగాణ వారసత్వ చట్టము వచ్చినది. చట్టములెట్లున్నను, జాబితాకెక్కిన కొలది శిలలకే వాని వలన ప్రయోజనము. యాప్రాల్ వంటి ఊళ్ళలోని పేరులేని గుట్టలు జాబితాకెక్కవు. హైదరాబాదు విశ్వవిద్యాలయ ప్రాంగణమునందలి పుట్టగొడుగు శిల పేరుగలది కావున మిగిలినది.

రాళ్ళతోపాటు చరిత్రయు పోవును. సికింద్రాబాదు సమీపమున హస్మత్‌పేట వద్దను, మౌలాలి వద్దను ఇనుపయుగపు మనుష్యులు పెద్దరాళ్ళను పేర్చి కట్టిన సమాధులు కలవు. ఇట్టి వానిని ప్రజలు రాకాసిగుళ్ళందురు. వారికి కావలసిన పలకలను ఈ పరుపుబండలే ఇచ్చినవి. గ్రానైటు తన పగుళ్ళ వెంట సులువుగ విడిపోవు గుణమును వారు ఎఱిగియుండిరి. వడ్డెరలు నేటికిని అదే గుణమును పట్టుకొని, వరుసగ చిన్న రంధ్రములు వేసి ఇనుప చీలలు దిగగొట్టి బండను చీల్చుదురు.

ఇక మాటల వైపు చూతము. బావిని చేతితో త్రవ్వువారు నేడు లేరనియే చెప్పవచ్చును. బోరు యంత్రమునకు మొరమన్నను నెఱ్ఱెయన్నను ఒకటియే. రాతిపనివారి బిడ్డలు వేరు వృత్తులలో చేరిరి. అది వారి మేలునకే కావున మనము విచారింపరాదు. కాని వారితోపాటు పోవు మాటలను వ్రాసికొనకుండుట మన లోపమగును.

8

ఇందుకు మనకు మార్గము లేకపోలేదు. భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వమున ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమి 1962లో వ్యవసాయ పదములపై మాండలిక వృత్తి పదకోశమును ప్రకటించినది. పిదప చేనేత మొదలగు వృత్తులపైనను సంపుటములు వెలువడినవి. ఊరూర తిరిగి, వృత్తిలో నున్నవానినే అడిగి, పదమును వాడు విధముతో సహా వ్రాసికొను ఆ పద్ధతియే రాతికిని నీటికిని తగును. దానికి రెండు చేర్పులు మాత్రము కావలెనని మా మతము.

మొదటిది, మాటను వస్తువు ఎదుట అడుగవలెను. ఇంట కూర్చుండి మొరమనగా నేమని అడిగిన మెత్తరాయి యను జవాబు వచ్చును. గోతి అంచున నిలిచి అడిగిన ఎచట మొరము మొదలై ఎచట విడుచునో వ్రేలితో చూపుదురు. అచట కొలత తీసికొనవచ్చును. రెండవది, భూగర్భశాస్త్ర శాఖ విద్యార్థిని వెంట తీసికొనిపోవలెను. ఒకడు పదమును వ్రాయగా మరియొకడు శిలను వ్రాయవలెను. అట్లు చేసినచో బండ, గుండు, పలుగురాయి, మొరము, నెఱ్ఱె, ఊట మొదలగు పదములకు కొలతతో కూడిన అర్థము లభించును. తెలుగున భూగర్భశాస్త్రమును బోధించువారికి కృత్రిమ సమాసములకు బదులు నోటనున్న మాటలు దొరకును. 1906లో విజ్ఞానచంద్రికా మండలి స్థాపకులు శాస్త్రము తెలుగున రావలెనని కోరిరి. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమి పాఠ్యగ్రంథములను తెచ్చినది. బోధన నేడు అధికభాగము ఆంగ్లమున సాగుచున్నను, రైతునకు భూగర్భజలమును గూర్చి చెప్పవలసిన అధికారి తెలుగుననే చెప్పవలెను. ఆయన చేతిలో ఏ మాటలుండవలెనో నిర్ణయించు పని మనది.

ఒక్క యాప్రాల్‌తో మొదలిడిన చాలును. ఊరి చుట్టును మిగిలిన బండలు, కుంటలు, పాత బావులు ఎన్నియో లెక్కించి, ఒక్కొక్కదానికి ఊరివారు వాడు పేరును వ్రాసి, పటముపై గుర్తించుట ఇద్దరు విద్యార్థులు ఒక వేసవిలో చేయగల పని. మేము చూచిన గోతి ఇప్పుడు పూడినది. దానిపై పునాది లేచినది. పొరలకు పేర్లు చెప్పిన వృద్ధుడు మరల ఎచటనైనను అట్టి గోతి పడినచో కబురు పంపుమని మాతో అనియున్నాడు. ఆయనకు వయస్సు మీరినది. వచ్చు వేసవికే బయలుదేరుట మంచిది.